బుద్రమ్మ అటక మీది సీసాలు

మా సంస్థ అచ్చు వేసిన ఒక చిన్న పుస్తకంలో ఈ వాక్యం ఉంటుంది: “ఈ గ్రామంలోని ప్రతి కుటుంబమూ తన ఇంట్లోని గాజునంతా స్వచ్ఛందంగా అప్పగించింది.” కింద నా పేరు లేదు గాని వాక్యం నాదే. అది అబద్ధం. ఒక ఇంట్లో అటక మీద ఉన్న తొమ్మిది సీసాలను ఎవరూ అప్పగించలేదు. నేనే నిచ్చెన ఎక్కి దింపుకున్నాను. అవి ఖాళీ సీసాలు కావు. ఖాళీవేనని తర్వాత పదిమంది ముందు చెప్పాను. ఆ మాట వల్ల దొయిమతి అనే కొత్త కోడలు అత్తవారిల్లు విడిచి పుట్టింటికి పోవలసి వచ్చింది.

ఏజెన్సీ కొండల్లో చెత్త, గాజు సేకరించే పనిలో కొత్తగా చేరిన కొందరు ఈ మధ్య నన్ను కలిసి, మీ అనుభవాలు రాసి ఇమ్మన్నారు. నేను రాసిన నివేదికలు, అందుకున్న శాలువాలు వాళ్లకు ఎందుకూ పనికిరావు. పనిలో నిజంగా ఏం జరుగుతుందో రాయాలి. అది రాస్తే ఈ సంగతి దాటవేయలేను. దాటవేయకుండా రాస్తే, నేను పదిహేనేళ్లు చేసిన పని మంచిదా చెడ్డదా అన్నది నాకే తేలడం లేదు. యాభై దాటిన మనిషికి ఇంకా తేలకపోవడం సిగ్గుగానే ఉంది.

తికమక లేని సంగతి

ముందు నాకు అనుమానం లేనిది చెప్తాను. గాజును తిరిగి కరిగించి వాడుకోవడం మంచి పని.

మాది శృంగవరపుకోట వైపు పల్లె. ముప్పై దాటాక, తొంభైల మొదట్లో, అరకులో ఈ పనిలో చేరాను. రైలు దిగి వచ్చే విహారయాత్రికులు గెడ్డలనే కొండవాగుల ఒడ్డునా, జలపాతాల దగ్గరా తాగి సీసాలు రాళ్లకేసి కొట్టేవారు. నీళ్లకు వెళ్లే ఆడవాళ్ల కాళ్లు తెగేవి. పశువుల గిట్టల్లో పెంకులు దిగి చీము పట్టేవి. ఆకు రాలితే మట్టవుతుంది, కొమ్మ విరిగితే మట్టవుతుంది. గాజు మాత్రం మనమూ మన పిల్లలూ పోయాక కూడా అలాగే పదునుగా ఉంటుంది. దాన్ని ఏరి, షెడ్డుకు చేర్చి, లారీలో ఘాట్ రోడ్డు దింపి, మైదానంలోని ఒక గాజు ఫ్యాక్టరీకి పంపడం మా పని.

గాజంటే ఏమిటో నాకు చెప్పింది ఆ ఫ్యాక్టరీలో ఫర్నేసు చూసుకునే మేస్త్రి. వేడికి కాలి కనుబొమలు మళ్లీ మొలవని మనిషి. నేను మొదటిసారి పంపిన లోడును ఆయన మొత్తంగా తిప్పి పంపేశాడు. నేను కోపంగా వెళ్లి అడిగితే, అప్పుడే పోతపోసిన ఒక సీసాను వెలుతురుకు ఎత్తి పట్టాడు. గోడలో బియ్యపు నూక అంత తెల్ల పలుకు కనబడింది.

“ఇదేటో తెలుసా? టీకప్పు. నీ గోనెల్లో కప్పు ముక్కలున్నాయి. పింగాణీ కరగదు. రేపు సోడా కొట్టినప్పుడు ఇక్కడే పగుల్తాది, ఎవడి సెయ్యో తెగుతాది. ఆడి తల్లి నిన్ను తిడతాదా, నన్ను తిడతాదా?”

“మరి నన్నేం చెయ్యమంటారు?”

“మూడు గుట్టలెయ్. తెలుపు, పచ్చ, బీరు రంగు. పింగాణీ కనబడితే దండమెట్టి పక్కన పడెయ్. బల్బులొద్దు, అద్దాలొద్దు. అలగ తెచ్చినావనుకో, నిన్ను నెత్తినెట్టుకుంతాను.”

ఆయనే వివరించాడు. ఇసుకను కరిగించడానికి చాలా వేడి కావాలి. పాత గాజు ముక్కలు కలిపితే అవి ముందుగా కరిగి ఇసుకనూ తమతో పాటు కరిగిస్తాయి. అంత నూనె ఆదా. పొగ తక్కువ. ఇసుక తవ్వకం తక్కువ. ఫర్నేసు ఇటుకలు కూడా ఎక్కువకాలం నిలుస్తాయి. ఎన్నిసార్లు ఇలా కరిగించవచ్చు అని అడిగితే నవ్వాడు.

“నీకు ఓపికున్నన్ని సార్లు. కాయితమైతే ప్రతిసారీ నీరసపడిపోద్ది. ఇది పడదు. మా తాత తాగిన సీసా గాజు నా మనవడి సీసాలో ఉన్నా ఉండొచ్చు.”

ఆ రోజు ఫ్యాక్టరీ గేటు బయట నిలబడి, ఇంతకంటే మంచి ఉద్యోగం లేదనుకున్నాను. ఇప్పటికీ మేస్త్రి చెప్పిన ఒక్క ముక్క కూడా తప్పని నేననను.

దిమ్మిస

తికమక దిమ్మిసతో మొదలైంది.

మా డైరెక్టరు గారు విశాఖపట్నంలో ఉండేవారు. మంచివారు, చురుకైనవారు, ప్రతిదానికీ పక్కన ఒక లెక్క గీసుకునేవారు. మొదట్లో మేము సీసాలను నిలువుగానే లారీలో పంపేవాళ్లం. ఒకసారి ఆయన లారీ వెనక తలుపు తీసి చూసి, “ఏమయ్యా, ఘాట్ రోడ్డు మీద గాలిని మోయిస్తున్నావా?” అన్నారు. నిజమే. సగం లోడు సీసాల్లోని ఖాళీయే. ఆ వారమే షెడ్డుకు ఇనప డ్రమ్ములు, వాటిలో దంచడానికి దిమ్మిసలు వచ్చాయి. వచ్చిన సీసా వచ్చినట్టు పగలగొట్టి, పెంకులు చేసి పంపడం మొదలైంది. లోడు రెండింతలైంది. డీజిలు కలిసొచ్చింది.

షెడ్డులో పనిచేసే ఆడవాళ్లకు ఇది అర్థం కాలేదు. మొదటి రోజు ఒకామె పగలని సీసా చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“దీనికేటి రోగం బాబూ? బూడిదెట్టి తోమితే పెల్లికూతురు మొగంలాగుంటాది. దీన్నెందుకు సంపడం?”

“ఇది మళ్లీ కొత్త సీసా అవుతుందమ్మా.”

“ఇప్పుడేటైనాదని మల్లీ అవ్వడానికి?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను. కాని ఆమె అన్నదే నిజం. కొండల మీద వాళ్లు సీసాను పారేయరు. తేనెకు, ఇప్పనూనెకు, కిరసనాయిలుకు అదే సీసా ఏళ్ల తరబడి తిరుగుతుంది. కడిగి వాడుకునే సీసాకు ఫర్నేసు అక్కర్లేదు, లారీ అక్కర్లేదు, నేను కూడా అక్కర్లేదు. పగిలినదాన్ని కరిగించడం మంచిది. పగలనిదాన్ని పగలగొట్టి కరిగించడం మంచిదా? డైరెక్టరు గారిని అడుగుదామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఆయన పుస్తకంలో బరువు తప్ప ఇంకో గడి లేదని గుర్తొచ్చి ఊరుకున్నాను.

గాజు లేని ఊరు

తర్వాతి వేసవిలో ఆయనకు కొత్త ఆలోచన వచ్చింది. కొండ మీది ఒక ఊరిని “గాజు లేని ఊరు”గా ప్రకటించాలి. అధికారులు, మా పనికి సాయం చేసే పెద్దలు వచ్చి చూస్తారు. ఊరిని ఎంచే పని నాది. రోడ్డు నుంచి గంట నడకలో ముప్పై ఇళ్ల ఊరు ఒకటి ఎంచాను. నాలుగు సీసాలిస్తే ఒక ఒంటిసబ్బు అని చాటించాం. రెండు రోజుల్లో ఊరంతా సబ్బు వాసన. మూడో రోజుకు మిగిలింది ఒక్క ఇల్లు. బుద్రమ్మది.

ఇప్పుడు చెప్పబోయేది నాకు అప్పుడు తెలియదు. ఆ ఊళ్లో అన్నిటికంటే ముందు పంటకొచ్చే చోడి, అంటే రాగి, రకం ఒకటుండేది. ముందు చోడి అనేవారు. ఇంట్లో గింజలు నిండుకుని అడవిలో దుంపలు తవ్వుకునే రోజుల్లో అది చేతికొచ్చి అంబలయ్యేది. దాని విత్తనం దాచే పని బుద్రమ్మది. ఆమెకు ముందు ఆమె అత్తది. నారు పోసే వేళకు ఎవరైనా వచ్చి ఆమె దగ్గర దోసెడు గింజలు పట్టుకుపోవచ్చు. పంటయ్యాక రెండు దోసిళ్లు తెచ్చివ్వాలి. పురుగు పట్టకుండా ఆ గింజలను బూడిదలో కలిపి, ఎండిన వావిలాకు నలిపి వేసి, సీసాల్లో దట్టించి, మూతికి గుడ్డ కుక్కి తేనెమైనం పూసి, పొయ్యికి పైన అటక మీద పొగ తగిలేలా పడుకోబెట్టేది. మునుపు ఆనపబుర్రల్లో దాచేవారట. సీసానైతే ఎలుక కొరకలేదని మార్చుకున్నారు.

ఆ మధ్యాహ్నం బుద్రమ్మ, ఆమె కొడుకు భీమన్న కొండ మీద పోడు పనికి పోయారు. ఇంట్లో కోడలు దొయిమతి ఒక్కతే ఉంది. పెళ్లై రెండు నెలలు. కొండ అవతలి ఊరి పిల్ల. ఇంట్లో ఒడియా కలిసిన తమ మాట మాట్లాడేది, తెలుగు తడుముకునేది. నాతో మా డ్రైవరు అప్పల్రాజు ఉన్నాడు.

“సీసాలేమైనా ఉన్నాయా అమ్మా?”

“నేవు,” అని తల అడ్డంగా ఊపింది.

తలెత్తి చూశాను. అటక చీకట్లో, బుట్టల సందున మసి పట్టిన సీసాల అడుగులు కనబడ్డాయి.

“మరి అవేమిటి?”

“అత్తవి. అత్త కొండకెల్లింది. ఒచ్చినాక అడుగు బాబూ.”

“రేపు పెద్దవాళ్లొస్తున్నారు. ఊళ్లో ఒక్క సీసా కూడా కనబడకూడదు. మీ అత్తకు నేను చెప్తాను.”

“అత్త తిడతాది.”

“తిడితే నన్ను తిట్టమను. నేను చెప్తానన్నాను గదా.”

నిచ్చెన వేసి ఎక్కాను. ఆమె నిచ్చెన కాలు పట్టుకుంది, నేను పడతానని కాబోలు. తొమ్మిది సీసాలు దింపాను. రెండు సబ్బులు ఇవ్వబోతే చెయ్యి చాచలేదు. గడప పక్కన పెట్టి వచ్చేశాను.

దిగువకు నడుస్తుంటే అప్పల్రాజు గోనె భుజం మార్చుకున్నాడు.

“బరువుగున్నాయి సార్. లోపలేటో ఉన్నాది.”

“బూడిదై ఉంటుంది. పళ్లు తోముకోడానికి దాచుకుంటారు.”

“తొమ్మిది సీసాల బూడిదే! ఆ ముసల్దానికెన్ని పళ్లున్నాయి సార్?”

ఇద్దరం నవ్వుకున్నాం.

షెడ్డు వెనక

ఆడవాళ్లు అప్పటికే ఇళ్లకు పోయారు. తెల్లారితే అధికారులు వస్తారు కాబట్టి పొద్దు ఉండగానే మేమిద్దరమే ఆ రోజు సరుకంతా డ్రమ్ములో వేసి కొట్టాం. బుద్రమ్మ సీసాలు పగిలినప్పుడు బూడిద గుప్పున లేచింది. కొంచెం తీసి వేళ్ల మధ్య నలిపాను. సన్నగా ఏదో గరగరలాడింది. గాజు పొడి అనుకున్నానా, లేక గాజు పొడే కావాలని అనుకున్నానా? ఇన్నేళ్లుగా ఆ వేళ్లనే తలచుకుంటున్నాను. జవాబు ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా వస్తుంది. బకెట్లతో నీళ్లు పోసి పెంకులు కడిగాం. బూడిద నీళ్లు షెడ్డు వెనక మెత్తని నేలలోకి పోయాయి.

మర్నాడు అంతా బాగా జరిగింది. ఊరి మొదట్లో బోర్డు పాతారు. ఫోటోలు తీశారు. డైరెక్టరు గారు నా భుజం తట్టారు. బుద్రమ్మ కూడా ఆ గుంపులో ఎక్కడో నిలబడే ఉంటుంది. ఆమెకు చెప్తానన్న మాట ఆ రోజు నాకు ఒకసారి గుర్తొచ్చింది. ఇంతమందిలో ఎందుకు, సంతలో కనబడ్డప్పుడు చెప్దాం అనుకున్నాను. సంతకు ఆమె రాలేదు. నేనూ వెతకలేదు. నేను చెప్తానన్నాను కాబట్టి దొయిమతి చెప్పలేదు. అటక మీద బుట్టల వెనక ఉండే ఆ సీసాలను విత్తే వేళ దాకా బుద్రమ్మకు చూసే పని లేదు.

రెండు మంచి వానలు పడ్డాయి. తొమ్మిదో రోజో పదో రోజో, పొద్దున్నే అప్పల్రాజు షెడ్డు వెనక గొంతుక్కూర్చుని ఉండటం చూశాను. నేల మీద చాప పరిచినట్టు పచ్చగా ఏదో మొలిచింది.

“గడ్డేనా?” అన్నాను.

“కాదు సార్. చోడి నారు. మా అమ్మ పోసినా ఇంత ఒత్తుగా రాదు.” నా వైపు చూడకుండా అన్నాడు: “పళ్లు తోముకునే బూడిద మొలిసినాది సార్.”

నాకప్పుడు మొత్తం అర్థమైంది. నేను రైతు కొడుకుని. చోడి నారు పీకి నాటుతారని నాకు తెలుసు. ఇంకో పది రోజులైతే అది నాటుకొస్తుంది. ఒక్క మాట చెప్తే ఊరంతా బుట్టలతో దిగి వచ్చి పట్టుకుపోతుంది. పోయిందేమీ లేదు. అది తెలిసి కూడా నేను టీ తాగి వచ్చి ఆలోచిద్దాం అనుకున్నాను.

ఖాళీ సీసాలు

ఆలోచించే వ్యవధి దొరకలేదు. ఆ మధ్యాహ్నమే భీమన్న వచ్చాడు. “నాయుడు రమ్మంటన్నాడు బాబూ” అన్నాడు. ఆ ఊళ్లలో ఊరి పెద్దను నాయుడు అంటారు. ఏమైందని అడిగితే, “అమ్మ అటకెక్కినాది” అని మాత్రం అన్నాడు.

ఊరి మధ్య పెద్దలు కూర్చునే రాళ్ల మీద నలుగురైదుగురు ముసలివాళ్లు ఉన్నారు. బుద్రమ్మ కింద కూర్చుంది. దొయిమతి దూరంగా నిలబడింది. నాయుడు నాకు మర్యాదగా రాయి తుడిచి చూపించాడు.

“బాబూ, ఈ గుంట ఏటంటాదంటే, నానేటీ ఇవ్వనేదు, సీసాల సారే అటకెక్కి దింపినాడంటాది. ముసల్దేటంటాదంటే, ఇది సబ్బుకాశపడి గింజలు పారబోసి సీసాలిచ్చేసినాదంటాది. ఇంట్లో సబ్బులు రెండున్నాయి. నువ్వు సదూకున్నోడివి. ఏటైనాదో సెప్పు.”

నేను నోరు తెరిచేలోగా బుద్రమ్మ అంది: “మా అత్త నాటి ఇత్తనం బాబూ. సీసాలు పోతే పోనీ. ఎక్కడ పారబోసినాదో సెప్పమను. మట్టిలోంచైనా ఏరుకుంతాను.”

అవి ఎక్కడున్నాయో నాకు తెలుసు. అప్పుడు నా బుర్రలో తిరిగింది ఆ నారు కాదు. ఊరి మొదట్లో పాతిన బోర్డు. ఫోటోలు. విత్తనాల సీసాలు పగలగొట్టిన సంస్థ అని రేపు ఎవరైనా రాస్తే డైరెక్టరు గారి ముఖం. నేను నిజమే చెప్పబోతున్నాననుకున్నాను కూడా. మొదటి ముక్క నిజమే వచ్చింది.

“సీసాలు నేనే తీసుకెళ్లాను,” అన్నాను. “అవి ఖాళీ సీసాలు. లోపలేమీ లేవు.”

బుద్రమ్మ కోడలి వైపు తిరిగింది. “ఇన్నావా? నీ సారే సెప్పినాడు.”

దొయిమతి ఏడవలేదు. నా వైపు చూసి తన మాటలో ఏదో ఒక్క ముక్క అంది. నాతో పాటు దిగువ దాకా వచ్చిన భీమన్నను దాని అర్థం అడిగాను. “‘నాను సెప్తానన్నావు గదా’ అన్నాది,” అన్నాడతను.

మర్నాడు ఆమె కొండ దాటి పుట్టింటికి పోయింది.

ఆ సాయంత్రం షెడ్డు వెనక నారు మీద పచ్చ గాజు పెంకులు రెండు డ్రమ్ములు గుమ్మరించారు. చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నది, చోటు లేక అప్పల్రాజే అక్కడ పోశాడని. కాదు. నేనే పోయమన్నాను. అతను పోశాడు. తర్వాతి నెలలో పని మానేసి ఊరికి వెళ్లిపోయాడు.

నేను వెళ్లలేదు. ఇంకా పన్నెండేళ్లు చేశాను.

కొత్తగా చేరినవాళ్లకు

అనుభవాలతో పాటు మీరు సలహాలు కూడా ఆశించి ఉంటారు. నా దగ్గర సలహాల కంటే ప్రశ్నలు ఎక్కువున్నాయి.

మేము ఏరిన గాజు వల్ల గెడ్డల ఒడ్డు శుభ్రపడింది. అది నా కళ్లతో చూశాను. పిల్లలు చెప్పుల్లేకుండా నీళ్లలో దిగేవారు. ఫర్నేసులో అంత ఇసుక, అంత నూనె మిగిలాయి. అదే షెడ్డు వెనక ఒక ఊరి విత్తనం పెంకుల కింద కుళ్లింది. ఈ రెంటినీ ఒకే తక్కెడలో ఎలా తూచాలో నాకు తెలియదు. ఒకోసారి తూచకూడదేమో అనిపిస్తుంది. అలా అనుకోవడం నాకు అనుకూలం కనుక అనిపిస్తోందేమో అని కూడా అనుమానం.

భూమికి మేలు చేస్తున్నామన్న నమ్మకం మనిషికి కొంచెం మత్తు ఎక్కిస్తుంది. అడక్కుండా ఇళ్లలోకి పోనిస్తుంది. నేను దొంగతనానికి ఏ ఇంటి నిచ్చెనా ఎక్కలేదు. మంచి పనికి ఎక్కాను. ఎక్కేటప్పుడు నాకు రవంత తప్పు కూడా తోచలేదు. అందుకే చెప్తున్నాను, ఏ ఇంట్లోనైనా సీసా కనబడితే ముందు అందులో ఏముందో అడగండి. అడగవలసిన మనిషి ఇంట్లో లేకపోతే వచ్చేదాకా కూర్చోండి. పగలని సీసాను వాడుకునే చేతుల్లోనే ఉండనివ్వండి. పగిలిందే మన వంతు. మీ డైరెక్టరు గాలి మోస్తున్నావా అంటే, అవునండీ అనండి.

మా డైరెక్టరు గారిని ఇందులో తప్పు పట్టను. ఆయనకు నేను ఏమీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయనే నన్ను ఆ ఊరికి వెనక్కి తరిమేవారేమో. అదీ తెలియదు. ఆయన ఇప్పుడు లేరు.

ఆ చోడి కోసం తర్వాత సంతల్లో దొంగచాటుగా అడిగి చూశాను. ఎవరో ఒకరు ఇదే అని చూపించేవారు. తెచ్చి మా పెరట్లో వేస్తే అందరి చోడి లాగే ఆలస్యంగా కంకి వేసేది. ఆ ఊరికి ఇతర విత్తనం వచ్చింది. దిగుబడి ఎక్కువేనట. ఆకలి నెలల్లో మాత్రం ముందుగా చేతికి రాదు. భీమన్న ఆ ఏడు కోతలయ్యాక తల్లిని వదిలి భార్య ఊరు పోయి అక్కడే ఉండిపోయాడు. బుద్రమ్మ ఒక్కతీ రెండేళ్లు బతికింది.

దొయిమతి పెట్టిన షరతు

ఉద్యోగం మానేశాక, పోయిన చలికాలంలో, జీపులో ఇరుక్కుని దొయిమతి ఊరు వెళ్లాను. ఇంటి ముందు చాప మీద మిరియాలు ఎండబోస్తోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. తెలుగు బాగా వచ్చేసింది.

“సీసాల సారువి. ముసలోడివైపోనావు. కూకో. ఆయన కాపీ తోటకెల్లినాడు.”

కూర్చుని చెప్పాను. సీసాల్లో గింజలున్నాయన్న సంగతి తెలిసే అబద్ధమాడానని చెప్పాను. ఆమె మిరియాలు కెలుకుతూనే ఉంది, నాకు తెలిసిందే గదా అన్నట్టు. నారు సంగతి చెప్పగానే చెయ్యి ఆగిపోయింది.

“మొలిసినాయా?”

“మొలిచాయి.”

“ఎంత మడి?”

“షెడ్డు వెనకంతా.”

చాపను పక్కకు జరిపి నా వైపు తిరిగింది. తర్వాత మెల్లగా అంది: “అప్పుడు సెప్పుంటే నాను పీకి నాటెద్దును. ముసల్ది నాలుగు రోజులు తిట్టి ఊరుకుండేది. సచ్చేటప్పుడు ఆయన ఎల్లినాడు గాని, నన్ను రానివ్వనేదు. ఇత్తనం తిన్న గుంట నా గుమ్మం తొక్కొద్దన్నాది.”

“క్షమించమని అడగడానికే వచ్చాను.”

“నాకెందుకు సెప్తావు? నానేటీ సెయ్యనేదని నాకు తెల్దా? తెలీనోల్లకి సెప్పు. అక్కడికెల్లి, ఆ రాల్ల కాడ నిలబడి సెప్పు. నానూ వొస్తాను. ఇంటాను.”

సంత రోజు కాకుండా బుద్రమ్మ ఊళ్లో మనుషులుండే రోజు చూసి ఆమే కబురు పంపింది. వెళ్లాను. పాత నాయుడు పోయాడు, అతని కొడుకు ఉన్నాడు. ఆనాడు రాళ్ల మీద కూర్చున్నవాళ్లలో ఒక్క ముసలాయన మిగిలాడు, చెవులు సరిగా వినిపించవు. మిగిలినదంతా కుర్రకారు. ఒకరి జేబులో ఫోను మోగుతోంది. ఎందుకు పిలిచారో సగం మందికి తెలియదు. దొయిమతి, భీమన్న ఒక పక్కన నిలబడ్డారు.

“ఎవులికి సెప్తావు బాబూ?” అన్నాడు చిన్న నాయుడు. “ఆల్లందరూ పోనారు.”

“నాకు సెప్తాడు,” అంది దొయిమతి. “మీరు ఇనండి.”

నేను దారంతా కూడబలుక్కున్న మాటలతో మొదలుపెట్టాను. మా కార్యక్రమంలో భాగంగా అప్పట్లో ఒక పొరపాటు జరిగింది, అన్నాను.

“అలగ కాదు,” అంది ఆమె. “నువ్వేటి సేసినావో సెప్పు. ఆ ముసలాయనకి ఇనబడేలాగ.”

ఆ ముసలాయన వైపు తిరిగి నిలబడ్డాను. నా గొంతు ఎంత గట్టిగా వచ్చిందో తెలియదు గాని ఆ ముసలాయన తలెత్తాడు.

“బుద్రమ్మ అటక మీద నుంచి తొమ్మిది సీసాలు నేను దింపాను. దొయిమతి వద్దంది. అత్తకు నేనే చెప్తానని మాటిచ్చాను, చెప్పలేదు. వాటిలో ముందు చోడి విత్తనం ఉంది. పగలగొట్టి నీళ్లతో కడిగి పారబోశాను. అది మొలిస్తే చూశాను. చూశాకే ఇక్కడికి వచ్చి, ఖాళీ సీసాలని మీ పెద్దల ముందు అబద్ధమాడాను. తిరిగి వెళ్లి ఆ నారు మీద గాజు పోయించాను. మీ విత్తనం పోగొట్టింది నేను. దొయిమతి సబ్బుకు ఆశపడలేదు, గింజలు పారబోయలేదు, ఏ తప్పూ చెయ్యలేదు. అమ్మా దొయిమతీ, నీ ఇల్లు పోగొట్టింది నేను. నన్ను క్షమించు.”